సౌండ్ కార్డ్ కొనేముందు: గేమ్ ఆడియో సమస్యలు, అసలు కారణాలు

గేమ్‌లో సౌండ్ తేడాగా వస్తే అందరూ ముందు ఆన్‌బోర్డ్ ఆడియోనే (మదర్‌బోర్డ్ మీదే ఉండే సౌండ్ చిప్‌ను) అనుమానిస్తారు. కార్డ్ ఆర్డర్ పెట్టేముందు ఒకటి చూసుకోండి: మీది యూఎస్‌బీ హెడ్‌సెట్టా? అయితే డాక్ (డిజిటల్ సౌండ్‌ను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే భాగం) దానిలోనే ఉంటుంది. ఎంత ఖరీదైన కార్డ్ బిగించినా సౌండ్ అటువైపు వెళ్లనే వెళ్లదు. కింద చెప్పేవి ఎక్కువగా 3.5 ఎంఎం జాక్ వాడేవాళ్లకు.

సమస్య: మౌస్ కదిపినప్పుడు, గేమ్ లోడ్ అయినప్పుడు హెడ్‌ఫోన్‌లో సన్నటి కీచుమనే శబ్దం.

కారణం: గ్రాఫిక్స్ కార్డ్, ప్రాసెసర్ లాగే కరెంటు క్షణక్షణానికీ మారుతుంటుంది. ఆ రొద అనలాగ్ సిగ్నల్‌లోకి చొరబడుతుంది. కేబినెట్ ముందు జాక్‌లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే దాని వైరు చాలాసార్లు గ్రాఫిక్స్ కార్డ్ పక్కనుంచే వెళ్తుంది.

పరిష్కారం: ముందు వెనకవైపు ఆకుపచ్చ జాక్‌లో పెట్టి వినండి. శబ్దం పోతే తప్పు వైరుది, చిప్‌ది కాదు. అక్కడా వస్తే డబ్బు ఖర్చు పెట్టడంలో అర్థం ఉంది. నన్నడిగితే మదర్‌బోర్డ్ పీసీఐఈ స్లాట్‌లో లోపల బిగించే కార్డ్ కంటే బయట ఉండే యూఎస్‌బీ డాకే మేలు. లోపలి కార్డ్ కూడా అదే కేబినెట్‌లో, అదే రొద మధ్య కూర్చోవాలి కదా. అయితే స్పీకర్లలో 'బుమ్మ్' అని ఒకే తీరుగా మోగుతుంటే అది గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్‌ల మధ్య కేబుల్ గుండా కరెంటు తిరగడం) కావచ్చు. పీసీ, స్పీకర్లు రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టి చూడండి. తగ్గకపోతే ఆప్టికల్ కేబుల్ పనికొస్తుంది, అందులో కరెంటు దారే ఉండదు.

సమస్య: వాల్యూమ్ 100లో పెట్టినా సౌండ్ చాలడం లేదు.

కారణం, పరిష్కారం: హెడ్‌ఫోన్ ఇంపీడెన్స్ (కరెంటుకు అది చూపే అడ్డు, ఓమ్‌లలో) చూడండి. 32 ఓమ్‌ల దానికి ఇప్పటి ఆన్‌బోర్డ్ చాలావరకు సరిపోతుంది. 250 ఓమ్‌లదైతే ఎక్కువ వోల్టేజ్ కావాలి, అప్పుడు ఆంప్ (సిగ్నల్ బలం పెంచే భాగం) ఉన్న డాక్ లేదా కార్డ్ తీసుకోవాల్సిందే. కాల్‌లో ఉన్నప్పుడు మాత్రమే గేమ్ సౌండ్ పడిపోతుంటే అది విండోస్ పని. సౌండ్ సెట్టింగ్స్‌లోని కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో మిగతా సౌండ్లను 80 శాతం తగ్గించే ఆప్షన్ ఉంటుంది, దాన్ని తీసేయండి.

సమస్య: శత్రువు అడుగుల చప్పుడు ఎటునుంచో తెలియడం లేదు.

కారణం: ఎక్కువసార్లు సరౌండ్ రెండుసార్లు పడటమే. గేమ్ తనే దిశను లెక్కగట్టి హెడ్‌ఫోన్‌కు పంపుతుంటే, దానిమీద విండోస్‌లోనే ఉండే సరౌండ్ ఆప్షన్ విండోస్ సోనిక్ లేదా కార్డ్ సాఫ్ట్‌వేర్‌లోని 7.1 సరౌండ్ మళ్లీ తన లెక్క వేస్తుంది. రెండూ కలిసి గజిబిజి.

పరిష్కారం: ఒక్కటే ఉంచండి. గేమ్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ (హెడ్‌ఫోన్‌లో దిశ తెలిసేలా సౌండ్‌ను మలిచే పద్ధతి) ఉంటే అదే ఆన్ చేసి, మిగతావి ఆఫ్ చేసి, విండోస్‌లో స్టీరియో పెట్టండి.

సమస్య: మధ్యమధ్యలో టక్‌టక్‌మని తెగిపోతోంది.

దీనికి చాలాసార్లు వైఫై లేదా గ్రాఫిక్స్ డ్రైవర్ కారణం. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ నడిపితే ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో పేరుతో సహా చూపిస్తుంది. దాన్ని అప్‌డేట్ చేయండి, లేదా పాత వెర్షన్‌కు వెళ్లండి.

ఇక సౌండ్ కార్డ్ పెడితే ఎఫ్‌పీఎస్ (సెకనుకు గేమ్ చూపే ఫ్రేమ్‌లు) పెరుగుతుందా? గేమ్ సౌండ్ ఎఫెక్ట్‌లను కార్డే లెక్కగట్టే ఈఏఎక్స్ టెక్నాలజీ రోజుల్లో ఆ మాటకు కొంత అర్థం ఉండేది. 2007లో వచ్చిన విండోస్ విస్టా, గేమ్‌లు సౌండ్ కోసం వాడే డైరెక్ట్‌సౌండ్‌కు నేరుగా కార్డ్ హార్డ్‌వేర్‌ను వాడుకునే దారి మూసేసింది. ఇప్పటి గేమ్‌లు ఆడియో లెక్కలను దాదాపుగా ప్రాసెసర్ మీదే చేసుకుంటాయి.