సస్పెన్షన్ భాగాలకు తుప్పు పట్టకుండా పెయింట్ ఎలా కొట్టాలి

పాత కారు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారు చట్రానికి కలిపే కింది లోహపు భాగం) విప్పి చేతిలోకి తీసుకోగానే డబ్బా పట్టుకుని స్ప్రే చేసేయాలనిపిస్తుంది. ఆగండి. ఈ పనిలో ముప్పావు వంతు శుభ్రం చేయడమే.

ముందు డీగ్రీజర్‌తో గ్రీజు, మట్టి వదిలించండి. గ్రీజు ఉండగానే రుద్దితే అది లోహమంతా పాకుతుంది. తర్వాత వైర్ బ్రష్, ఆపైన 80 నంబరు ఎమెరీ పేపర్. వెల్డింగ్ అతుకుల దగ్గర ఓపిక పట్టండి, తుప్పు దాక్కునేది అక్కడే. పొరలు పొరలుగా ఊడుతున్నా, లోహం పలచబడినా ఆ భాగాన్ని మార్చేయాల్సిందే. పెయింట్ బలాన్నివ్వదు.

రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్ల రబ్బరు తొడుగులు (బూట్లు), మరలు, షాక్ అబ్జార్బర్ రాడ్‌కి మాస్కింగ్ టేప్ చుట్టండి. బోల్టు తల ఆనే చోట మందంగా పెయింట్ పడనివ్వకండి. తర్వాత అది నలిగి బోల్టు బిగువు తగ్గుతుంది.

రుద్దిన రోజే ప్రైమర్ (పెయింట్ కింద వేసే తొలి పూత) వేసేయాలి, లేకపోతే గాలిలోని తేమకే మళ్లీ ఎర్రబడుతుంది. నేనైతే ఎపాక్సీ ప్రైమరే వాడతాను. భాగాన్ని తీగతో వేలాడదీసి, డబ్బాను రెండు నిమిషాలు బాగా కుదిపి, 25 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టండి. మొదట అంచులు, అతుకులు, ఆ తర్వాతే చదును భాగం. పలచటి కోటింగులే వేయండి. తడిగా మెరిసి, అంచున చుక్క కడుతోందంటే ఎక్కువైనట్టే. పై పెయింట్ కూడా ఇలాగే. కోటింగుల మధ్య ఎంతసేపు ఆగాలో డబ్బా మీద చూడండి. ఆవిర్లు ఆపే రెస్పిరేటర్ తప్పనిసరి, గుడ్డ మాస్కు చాలదు.

చేతికి అంటకపోయినా లోపల గట్టిపడటానికి రోజులు పడుతుంది. అంతవరకు బిగించకండి.