అమెరికా బడికి ఏడాది వెళ్తున్న విశాఖ పిల్లలకు, వాళ్ల అమ్మానాన్నలకు

ఆగస్టులో బయల్దేరుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ రాస్తున్నాను. నేనూ అలా ఒక ఏడాది ఉండొచ్చాను. అమెరికా ప్రభుత్వం ఇచ్చే యెస్ స్కాలర్‌షిప్ మీద వెళ్లినా, రోటరీ క్లబ్ తరఫున వెళ్లినా అక్కడ బతుకు ఒకటే: ఒకరి ఇల్లు, ఒక బడి, పది నెలలు. హైదరాబాద్‌లో వీసా ఇంటర్వ్యూ, టీకాల కాగితాలు, సూట్‌కేసు బరువు, ఇవన్నీ మీ సంస్థవాళ్లు చెబుతారు. ఇంటర్ ఒక ఏడాది వెనక్కి జరగొచ్చన్న లెక్క ఇంట్లో వేసుకునే ఉంటారు. వాటి జోలికి పోను. నా దిగులంతా సాయంత్రం ఫోన్ గురించి.

పోయిన ఏడాది గాజువాక నుంచి ఒక కుర్రాడు వెళ్లాడు. తెలివైనవాడు, ఇంగ్లిష్ బాగానే మాట్లాడతాడు. పడిన ఇల్లు కూడా మంచిదే. రోజూ రాత్రి భోజనం ముగుస్తుండగానే వాళ్లమ్మ వీడియో కాల్. "ఏటి తిన్నావురా?" మొక్కజొన్న, బంగాళదుంప ముద్ద, రొట్టె. "అన్నం లేదేటి?" లేదు. ఆవిడ కళ్లు తుడుచుకునేది. అది చూసి వీడికీ ఏడుపొచ్చేది. అక్టోబరుకల్లా ఆవిడ ఉండబట్టలేక డల్లస్‌లో ఉన్న చెల్లెలికి చెప్పింది. ఆ పిన్ని నేరుగా హోస్ట్ మామ్‌కి, అంటే వాడు ఉంటున్న ఇంటావిడకి ఫోన్ చేసి, మా పిల్లాడు పస్తులుంటున్నాడట, రోజూ అన్నం వండిపెట్టండి అని చెప్పింది. పెట్టిన తిండి తింటూనే వెనక చాడీలు చెప్పాడనుకుని ఆ హోస్ట్ మామ్ మనసు విరిగిపోయింది. అక్కడ పిల్లల బాగోగులు చూసే సంస్థ మనిషి, కోఆర్డినేటర్, వచ్చి కూర్చోబెట్టి మాట్లాడినా అతుక్కోలేదు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండక్కి ముందే వాడిని వేరే ఇంటికి మార్చారు.

ఇందులో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. అందుకే నాకు బాధ. ఇలాంటి ప్రోగ్రామ్‌లకిచ్చే జె-1 వీసా మీద వచ్చే బడిపిల్లలని ఉంచుకునే కుటుంబాలు డబ్బు కోసం ఉంచుకునేవి కావు. తమ పిల్లలతో పాటు నీకూ ఒక మంచం వేసి, పూటపూటా పెడుతున్న మనిషికి అలాంటి ఫోన్ వస్తే ఎలా ఉంటుందో ఒక్క నిమిషం ఆలోచించు.

ఇప్పుడు గడియారం లెక్క చూడు. నేనున్నది అయోవాలో ఒక చిన్న ఊరు. వేసవిలో అక్కడి గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు పదకొండున్నర. అంటే చలికాలంలో అక్కడ సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి విశాఖలో తెల్లవారి ఆరు. అమ్మ లేచి పాలు పొయ్యి మీద పెట్టి, ముందు నిన్ను చూడాలనుకుంటుంది. నాన్న డ్యూటీకి వెళ్లేలోగా ఒక మాట మాట్లాడాలనుకుంటాడు. వాళ్లకు అది ఖాళీ సమయం. సరిగ్గా అదే సమయానికి అక్కడ ఇల్లంతా ఒక బల్ల చుట్టూ చేరుతుంది. అమెరికాలో పొద్దున్న ఎవరి హడావుడి వాళ్లది, మధ్యాహ్నం ఎవరి బడి, ఎవరి పని వాళ్లది. ఆ ఇంటివాళ్లందరూ ఒకచోట దొరికేది రోజులో ఆ గంటన్నరే. ఆ గంటన్నర నువ్వు మేడ మీద గదిలో తలుపేసుకుని తెలుగులో మాట్లాడుతూ కూర్చుంటే, వాళ్లకి నువ్వు అద్దెకున్న మనిషివి.

నా మొదటి నెలలు అలాగే గడిచాయి. ఫోన్‌లో అమ్మ వంటింట్లోంచి ఎంవీపీ రైతుబజారులో ఏ కూర ఎంతకు దొరికిందో చెప్పేది, కింద హాల్లోంచి నవ్వులు వినబడేవి. మర్నాడు కారులో ఆ నవ్వుల సంగతే మళ్లీ ఎత్తుకునేవాళ్లు, నాకు తలా తోకా తెలిసేది కాదు. బడిలో పిల్లలు వేగంగా మాట్లాడతారు, సగం అర్థం కాదు. ఇంట్లో నేర్చుకోవాల్సిన ఇంగ్లిష్ ఇంట్లో నేర్చుకోకపోతే బడిలో నోరు పెగలదు. రోజంతా మౌనం, రాత్రి ఫోన్‌లో ఏడుపు, మర్నాడు ఇంకా మౌనం. నవంబరు చివర్లో కోఆర్డినేటర్ వచ్చింది. ఆవిడ రిటైరైన టీచరు. బడి ఎలా ఉంది, తిండి ఎలా ఉంది అని అడగలేదు. "రాత్రి ఏడింటికి ఇంట్లో ఎక్కడ ఉంటావు?" అని అడిగింది. నేను చెప్పాను. అయితే ఆ గంట మార్చమంది, అంతే. మార్చాక అమ్మ కొన్నాళ్లు నాతో ముభావంగా ఉంది. అక్కడికి పోయి మమ్మల్ని మరిచిపోయావంది. ఆ మాట నీకూ పడుతుంది, సిద్ధంగా ఉండు.

ఆ బల్ల దగ్గర కబుర్లు ఒక్కటే కాదు, పనులు కూడా తేలతాయి. ప్రోగ్రామ్ నియమాల ప్రకారం నువ్వక్కడ కారు నడపకూడదు. మద్దిలపాలెంలో నిలబడితే ఏదో ఒక బస్సు దొరుకుతుంది, ఆ చిన్న ఊళ్లలో అసలు బస్సే ఉండదు. పసుపు రంగు స్కూలు బస్సు తప్పిపోతే ఎవరో ఒకరు దింపాల్సిందే. రేపు ప్రాక్టీస్ నుంచి నిన్ను ఎవరు తీసుకొస్తారు, శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆటకి ఎవరి కారులో వెళ్లాలి, శనివారం సరుకులకి ఎవరు వెళ్తారు, ఇవన్నీ అన్నం బల్ల దగ్గర రెండు ముక్కల్లో అనుకుని లేచిపోతారు. నువ్వు లేకపోతే నీ సంగతి అందులో ఉండదు. తర్వాత "నన్ను ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్లరు" అని అమ్మకు ఫోన్‌లో చెబుతావు.

అన్నం కూడా అక్కడే అడగాలి. "శనివారం కొట్టుకి నేనూ వస్తాను, బియ్యం కొనుక్కుంటాను, అందరికీ ఒక పూట వండుతాను" అని చెప్పు. ఎవరూ కాదనరు, చాలామంది సంతోషిస్తారు. ఒక్క జాగ్రత్త: పోపు వేసేముందు పొయ్యి పైనున్న ఫ్యాన్ వెయ్యి, కిటికీ తెరువు. ఎండుమిరపకాయ మాడితే పొగ అలారం ఊరంతా వినబడేలా మోగుతుంది. ఇంకోటి, పెట్టబోతే మన ఇళ్లలోలా మొదటిసారి వద్దనకు. ఇక్కడైతే అత్తయ్య నాలుగుసార్లు బతిమాలి వడ్డిస్తుంది. అక్కడ వద్దంటే వద్దనే అనుకుని గిన్నె పక్కవాళ్లకి ఇచ్చేస్తారు. ఆకలేస్తే ఆకలేస్తోందని చెప్పు, ఫ్రిజ్‌లో ఏవి తీసుకోవచ్చో మొదటి వారంలోనే అడుగు. ఏం తినవో కూడా ముందే చెప్పాలి. పెప్పరోనీ సాధారణంగా పంది, గొడ్డు మాంసాలు కలిపి చేస్తారు. మార్ష్‌మల్లోల్లో, జెల్లోలో జెలటిన్ ఉంటుంది. డబ్బాలో వచ్చే రిఫ్రైడ్ బీన్స్‌లో పందికొవ్వు ఉండొచ్చు. శాకాహారులు లేబుల్ చదవడం అలవాటు చేసుకోండి. చదివి మాట్లాడకుండా పళ్లెం పక్కకి నెట్టడం మాత్రం వద్దు. "ఇది నేను తినను, బ్రెడ్డూ పీనట్ బటరూ తీసుకుంటాను" అని నోరు తెరిచి చెప్పు.

బడి గురించి కాస్త. లెక్కలు తేలికగా ఉంటాయని ఇక్కడ అందరూ అంటారు, అది విని ఊరుకోకు. మన కాలేజీల్లోలా ఆఖర్న ఒక పరీక్షతో తేలదు. ప్రతి హోంవర్కూ, ప్రతి చిన్న క్విజ్జూ మార్కుల్లో కలుస్తుంది. ఇవ్వకపోతే సున్నా పడుతుంది, ఆ సున్నా సెమిస్టర్ ఆఖరుదాకా లాగుతుంది. స్నేహితుడి నోట్సు చూసి రాసిస్తే ఇక్కడ సాయం, అక్కడ నేరం. ఒక్కసారి పట్టుబడినా సంస్థదాకా వెళ్తుంది. టీచరు రాగానే లేచి నిలబడక్కర్లేదు. క్రోసిన్ లాంటి మాత్రలు కూడా జేబులో పెట్టుకుని తిరగకు, చాలా బడుల్లో మందులన్నీ నర్సు దగ్గర ఉంచాలి. పారాసిటమాల్ అంటే కొట్లో తెల్లమొహం వేస్తారు, అక్కడ దాన్ని అసిటమినోఫెన్ అంటారు. లాకర్ తాళం ఎలా తిప్పాలో పక్కనున్నవాళ్లని అడుగు, నేర్పుతారు.

వెళ్లిన వారంలోనే ఏదో ఒక జట్టులో చేరు. క్రాస్ కంట్రీ పరుగులో సాధారణంగా ఎవరినీ వద్దనరు, ఆఖర్న వచ్చినా జట్టులోనే ఉంటావు. పైగా ఆ సీజన్ బడి తెరిచే రోజుల్లోనే మొదలవుతుంది, స్నేహితులు ముందే దొరుకుతారు. ఆర్కే బీచ్‌లో ఉక్కపోతలో పరిగెత్తినవాళ్లకి సెప్టెంబరు అయోవా హాయిగా ఉంటుంది. పరుగు నచ్చకపోతే బ్యాండు, నాటకం, ఏదైనా సరే. బడి అయ్యాక నేరుగా ఇంటికొచ్చి గదిలో దూరితే మళ్లీ చేతిలోకి ఆ ఫోనే వస్తుంది.

డిసెంబరులో ఐదు కాకముందే పొద్దుగుంకుతుంది. మనం ఎరగని చలి, కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టి కదలదు. ఇంటిమీద బెంగ అప్పుడే మీద పడుతుంది. ఆ రోజుల్లో రాత్రి ఫోన్ ఇంకా తియ్యగా ఉంటుంది, ఇంకా ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఫోన్ మానేయమని మాత్రం అనడం లేదు, ఈ మాట జాగ్రత్తగా విను. వారానికి ఒక గంట ఖాయం చేసుకో. అయోవాలో ఆదివారం ఉదయం తొమ్మిది అంటే విశాఖలో రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. అమ్మ వంటపని అయిపోయి ఉంటుంది, నాన్న ఇంట్లో ఉంటాడు, తాతయ్య కూడా మాట్లాడొచ్చు. మీ హోస్ట్ కుటుంబం ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లయితే శనివారం పెట్టుకో. మధ్యలో ఫోటోలు, రెండు వాక్యాల మెసేజ్‌లు చాలు. ఎవరైనా నిన్ను భయపెట్టినా, ఒంటి మీద చెయ్యి వేసినా, ఇంట్లో క్షేమంగా లేననిపించినా ఈ వేళల లెక్కలేవీ వర్తించవు. వెంటనే కోఆర్డినేటర్‌కి చెయ్యి, ఇంటికి చెయ్యి, ప్రమాదమైతే 911కి చెయ్యి. కోఆర్డినేటర్ నెలకోసారైనా నీతో మాట్లాడాలన్నది నియమం. ఆ మాట్లాడేటప్పుడు అంతా బాగుందని తలూపి పంపెయ్యకు. చలేస్తే చలేస్తోందని, దుప్పటి చాలకపోతే చాలడం లేదని చెప్పు. దానికోసమే ఆవిడ వస్తుంది.

అమ్మలకీ నాన్నలకీ ఒక మాట, కాస్త కటువుగా ఉంటే క్షమించండి. బిడ్డను అంత దూరం పంపి రోజూ ఆ మొహం చూడాలనుకోవడం మీ ప్రేమ, కాదనను. కానీ మీరు అడిగే మొదటి ప్రశ్న "ఏటి తిన్నావు" అయితే, ఆ బిడ్డ తన పళ్లెంలో లేనివన్నీ లెక్కపెట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా ఆ పిల్ల బాగానే ఉందేమో. ఎవరితో ఆడావు, ఏం నేర్చుకున్నావు, ఇవాళ ఎవరితో నవ్వావు అని అడగండి. మీ చెల్లెలు డల్లస్‌లో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా హోస్ట్ ఇంటి నంబరు ఆవిడకి ఇవ్వకండి. సంక్రాంతికి పిల్లని పిన్ని ఇంటికి పంపాలన్నా, ముందు సంస్థ అనుమతి కావాలి. ఫిర్యాదు ఏదైనా ఉంటే బిడ్డ నోటితోనే, కోఆర్డినేటర్‌తోనే. నేను ఈ మాట ఎన్ని ఇళ్లలో చెప్పినా "మా పిల్ల సంగతి వేరు" అనే అంటారు. వేరు కాదండీ.

ఇంత చెప్పాక ఇదీ చెప్పాలి: కుదురుకుంటావు. నాకు తెలిసినవాళ్లలో ఎక్కువమంది జనవరి, ఫిబ్రవరికల్లా కుదురుకున్నారు. ఇంగ్లిష్ దానంతటదే నోట్లోకి వస్తుంది, బల్ల దగ్గర ఎవరో అన్నదానికి అందరితో పాటు నువ్వూ నవ్వుతావు. గాజువాక కుర్రాడు కూడా రెండో ఇంట్లో బాగానే ఉన్నాడు. వేసవి ముందు ట్రాక్ జట్టులో పరిగెత్తితే మొదటి ఇంటివాళ్లు కూడా చూడ్డానికి వచ్చారట. వాళ్లమ్మే చెప్పింది.

బయల్దేరే ముందు ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఏ రోజు, ఏ గంట అన్నది ఖాయం చెయ్యి. రెండు ఊళ్ల టైములూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించు. నవంబరు మొదటి ఆదివారం, మార్చి రెండో ఆదివారం గడియారం మారుతుందని కింద రాయి, లేకపోతే ఆ రెండు వారాలూ అమ్మ ఫోన్ పట్టుకుని ఎదురుచూసి కంగారుపడుతుంది. మొదటి ఆదివారం ఫోన్ నువ్వే చెయ్యాలి, వాళ్లు చేసేదాకా ఆగకు.