తొలి కోత ఆపిళ్లను రుచి చూడవలసిన తీరు

వేసవి ముగియకముందే రైతుల సంతకు వచ్చే తొలి కోత ఆపిళ్లను, శీతల గిడ్డంగిలో నెలల తరబడి నిలిచే రకాలకు అలవాటుపడిన నాలుకతో కొలిస్తే నిరాశ తప్పదు. తొలి కోత రకాలు త్వరగా పండుతాయి. పండే వేళ, కాయను పక్వానికి తెచ్చే ఎథిలీన్ వాయువును ఎక్కువగా విడుదల చేయడం వల్ల అంతే త్వరగా మెత్తబడతాయి. కాబట్టి అమ్మేవారిని పేరుతో పాటు కోసిన రోజును కూడా అడగాలి. నా దృష్టిలో రెండవ ప్రశ్నే ముఖ్యం. ఒక్కో రకానికి మూడు కాయలు కొని, ఇంటికి రాగానే పేరు రాసి పెట్టుకోవాలి, లేకపోతే సాయంత్రానికి అన్నీ కలిసిపోతాయి.

చల్లదనం సువాసనను అణచివేస్తుంది కనుక పండును గది వేడిమికి వచ్చాకే కోయాలి. పరిమళం తొక్కలోనూ దాని కిందనూ అధికంగా ఉంటుంది. అందుచేత తొక్క తీయకుండా, ఎండ తగిలి ఎరుపెక్కిన వైపు నుంచి ఒక ముక్క, నీడ వైపు నుంచి ఒక ముక్క తీసుకుని, ముందు వాసన చూసి, తరువాత నెమ్మదిగా నమలాలి. మొదట కరకర, ఆ వెంటనే రసం, ఆపైన తీపి పులుపుల పొందిక, చివరికి తొక్క మిగిల్చే వగరు: ఈ వరుసలో గమనిస్తే తేడాలు స్పష్టంగా తెలుస్తాయి. బాగా పుల్లని రకాన్ని చివరికి ఉంచాలి, ఎందుకంటే దాని తరువాత తిన్నది ఏదైనా చప్పగా అనిపిస్తుంది. ఒక పూటకు నాలుగైదు రకాలు చాలు. ముక్కకూ ముక్కకూ మధ్య గుక్కెడు నీళ్లు తాగాలి. గింజలు నల్లబడలేదని పండును పచ్చిదనకూడదు, కొన్ని తొలి రకాలు లేత గింజలతోనే పక్వానికి వస్తాయి.

మిగిలిన రెండు కాయలలో ఒకటి బయట, ఒకటి ఫ్రిజ్‌లో ఉంచి మూడవ రోజు మళ్లీ రుచి చూడాలి. అసలు సంగతి అప్పుడే బయటపడుతుంది. కణాలను అతికి ఉంచే పెక్టిన్ సడలినప్పుడు, కొరికితే కణాలు పగలకుండా విడిపోతాయి. రసం లోపలే ఉండిపోయి, పండు పిండిపిండిగా తోస్తుంది. ఉత్తర ఐరోపాలోని బాల్టిక్ ప్రాంతపు ఎల్లో ట్రాన్స్‌పరెంట్ రకం ఇందుకు చక్కని ఉదాహరణ: పాలిపోయిన పసుపు తొక్క, గట్టి పులుపు, కొద్ది రోజుల ఆయుష్షు. మిన్నెసోటా విశ్వవిద్యాలయం రూపొందించిన జెస్టార్ మాత్రం తొలి రకమే అయినా ఫ్రిజ్‌లో వారాల తరబడి కరకరలాడుతూ నిలుస్తుంది. ఇంగ్లండులో పుట్టిన డిస్కవరీ రకాన్ని కోసినప్పుడు కొన్నిసార్లు తొక్క కింది ఎరుపు గుజ్జులోకి పాకి కనిపిస్తుంది, రుచిలో స్ట్రాబెరీ ఛాయ కూడా తగలవచ్చు.

మెత్తబడిన పుల్లని కాయలను పారవేయనక్కరలేదు; ముక్కలు చేసి, కొద్ది నీటితో సన్నని మంటపై ఉడికిస్తే కాసేపటికే గుజ్జుగా కరిగిపోతాయి. చక్కెర ఎంత వేయాలో ఆ గుజ్జును రుచి చూశాకే నిర్ణయించుకోవాలి.