పసిబిడ్డల అంతుచిక్కని మరణాలు, కన్నవారిపై హత్యానుమానం: కేసు కాగితాలు ఎలా చదవాలి

ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పసిబిడ్డలు కారణం తెలియకుండా చనిపోతే లోకం వేలు ముందుగా తల్లివైపే చూపిస్తుంది. అలాంటి కేసు కాగితాలు చేతికందిన న్యాయవాది గానీ విలేకరి గానీ ఎవరు చంపారన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, అసలు హత్య జరిగిందనడానికి ఆధారం ఏముందో ముందుగా వెతకాలి. మెత్తని వస్తువు అడ్డుపెట్టి ఊపిరాడకుండా చేసినా, బిడ్డ నిద్రలో తనంతట తాను చనిపోయినా, శవపరీక్షలో రెండూ ఒకేలా కనిపించే అవకాశం ఉండటమే ఈ కేసుల్లోని అసలు చిక్కు.

శవపరీక్ష నివేదికలో చివరి అభిప్రాయం కంటే ముందు, ఏయే నమూనాలు తీశారో, ఏయే పరీక్షలకు పంపారో చూడండి. సిడ్స్ (కారణం తెలియని ఆకస్మిక శిశుమరణం) అనే నిర్ధారణ ఏడాదిలోపు శిశువులకే వర్తిస్తుంది. అది కూడా పూర్తి శవపరీక్ష, మరణించిన చోటి పరిశీలన, బిడ్డ వైద్య చరిత్ర పరిశీలన ముగిశాక కూడా కారణం దొరకనప్పుడే. పంపిన ప్రతి నమూనా ఫలితాన్నీ ప్రయోగశాల నుంచే నేరుగా అడిగి తీసుకోవడం మంచిది. ఇంగ్లండులో శాలీ క్లార్క్ అనే న్యాయవాదికి ఇద్దరు కొడుకులను చంపిందన్న ఆరోపణపై 1999లో యావజ్జీవ శిక్ష పడింది. రెండో బిడ్డ శరీరంలో స్టాఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా ఉన్నట్లు చెప్పే పరీక్ష ఫలితాలు శవపరీక్ష చేసిన వైద్యుడి దగ్గరే ఉండిపోయి, డిఫెన్సుకు అందలేదు. అవి బయటపడ్డాకే 2003లో ఆ తీర్పు రద్దయింది.

అంకెలు కనిపించిన చోట ఆగి మరీ చదవాలి. అదే విచారణలో పిల్లల వైద్య నిపుణుడు రాయ్ మెడో, అలాంటి కుటుంబంలో రెండు సిడ్స్ మరణాలు జరిగే అవకాశం 7.3 కోట్లలో ఒకటని చెప్పాడు. ఒక మరణానికి 8,543లో ఒకటన్న అంచనాను దానితోనే గుణిస్తే వచ్చిన అంకె అది. ఒక మరణానికి రెండోదానితో ఏ సంబంధమూ లేనప్పుడే అలా గుణించవచ్చు; ఒకే తల్లిదండ్రుల జన్యువులు, ఒకే ఇల్లు పంచుకున్న బిడ్డల విషయంలో ఆ మాట అనడానికి ఆధారమే లేదు. ఇంతకంటే ప్రమాదకరమైన పొరపాటు మరొకటుంది. రెండు సహజ మరణాలు అరుదు కాబట్టి తల్లి నిర్దోషి అయ్యే అవకాశం కూడా అంతే అరుదని జ్యూరీ అనుకోవచ్చు. కన్నతల్లి వరుసగా ఇద్దరు బిడ్డలను చంపడం కూడా అరుదే కాబట్టి, ఈ రెండు అరుదైన సంగతులనూ ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి. 2001లో బ్రిటన్ గణాంక నిపుణుల సంఘమైన రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ లెక్కను బహిరంగంగా తప్పుపట్టింది.

తరువాత జన్యు, జీవక్రియ పరీక్షలు జరిగాయో లేదో అడగండి. అమెరికాలోని మిస్సోరిలో 1989లో ప్యాట్రీషియా స్టాలింగ్స్ కొడుకు రక్తంలో ఇథిలీన్ గ్లైకాల్ విషం ఉందని ప్రయోగశాలలు చెప్పాయి. ఆమె జైలులో ఉండగా పుట్టి, ఆమెకు దూరంగా పెరుగుతున్న రెండో బిడ్డలో మిథైల్‌మలోనిక్ అసిడీమియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు బయటపడింది. ఆ జబ్బులో రక్తంలో చేరే ప్రొపియోనిక్ ఆమ్లాన్నే విషంగా పొరబడ్డారని తేలి, 1991లో ఆమెపై కేసు కొట్టేశారు. కాబట్టి ప్రయోగశాల రాసిన ఒక్క వాక్యంతో సరిపెట్టుకోకుండా, యంత్రం గీసిన మూల గ్రాఫు తెప్పించి మరో నిపుణుడికి చూపించాలి.

డైరీలు, ఉత్తరాలు, కన్నీళ్లు కార్చలేదన్న సాక్ష్యాలు నా దృష్టిలో అన్నిటికంటే బలహీనమైనవి. ఆస్ట్రేలియాలో నలుగురు పిల్లల మరణాలకు కేథలీన్ ఫోల్బిగ్‌ను 2003లో దోషిగా తేల్చినప్పుడు, తనను తాను నిందించుకుంటూ ఆమె రాసుకున్న డైరీలనే నేరాంగీకారంగా చదివారు. తరువాత ఇద్దరు కూతుళ్లలో గుండె లయను దెబ్బతీయగల కాల్మ్2 జన్యుమార్పు బయటపడింది; 2023 జూన్‌లో క్షమాభిక్ష లభించింది, డిసెంబరులో శిక్షలు రద్దయ్యాయి.

అలాగని ప్రతి తల్లీ నిర్దోషేనని ముందే తీర్మానించుకోకూడదు. న్యూయార్క్ రాష్ట్రంలో వనీటా హోయట్ పిల్లలలో ఇద్దరి మరణాలను సిడ్స్ కుటుంబాల్లో వస్తుందనడానికి నిదర్శనంగా 1972లో ఒక వైద్య పత్రిక ప్రచురించింది. ఐదుగురు పిల్లలనూ చంపినట్లు 1995లో ఆమెపై నేరం రుజువైంది. ఆమె పోలీసుల ముందు ఒప్పుకుని, ఆ తరువాత మాట మార్చింది. అలాంటి వాంగ్మూలం ఉన్నప్పుడు సారాంశంతో తృప్తిపడక పూర్తి పాఠం తెప్పించి, అందులో చెప్పిన ప్రతి వివరాన్నీ ఆ బిడ్డ ఆసుపత్రి కాగితాలతో విడివిడిగా సరిచూడాలి.