పెయింటింగ్ చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: ముందు వెనక్కి తిప్పండి

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. ఒకే పెయింటింగ్ ముందు పది నిమిషాలు నిలబడి, కనిపించినవన్నీ కాగితం మీద రాసుకోమన్నాను. చేసినవాళ్ళకి ఒక సంగతి అర్థమై ఉంటుంది. మొదటి రెండు నిమిషాలు మనుషులు, చెట్లు, ఇళ్ళు కనిపిస్తాయి. తర్వాత మెల్లగా రంగులు కనిపిస్తాయి. ఇంకాసేపు ఓపిక పడితే రంగు కింద గుడ్డ నేత కూడా కంటికి ఆనుతుంది. ఇవాళ్టి పాఠం ఆ గుడ్డ దగ్గర మొదలుపెడదాం.

ఫోన్ తీస్తే లోకంలో ఉన్న బొమ్మలన్నీ ఊరికే చూడొచ్చు. నచ్చినదాన్ని ప్రింటు తీయించి గోడకు పెట్టుకుంటే తక్కువలో అయిపోతుంది. అయినా జీతంలోంచి నెలనెలా కొంత దాచుకుని ఒక కాన్వాస్, అంటే గుడ్డ మీద వేసిన బొమ్మ, కొని ఇంటికి తెచ్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎందుకంటే కాన్వాస్ బొమ్మకు ఒళ్ళుంది. ముఖం ఉన్నట్టే వీపుంది, బరువుంది, వయసుంది. దెబ్బ తగిలితే మచ్చ పడుతుంది. వేసినవాళ్ళ చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ తొందరపడిందో దాని మీద అలాగే ఉండిపోతుంది. ఆ ఒంటిని చదవడం వస్తే మోసపోకుండా కొంటారు, కొన్నది పాడవకుండా చూసుకుంటారు. ఈ పాఠంలో నేర్పదలచుకున్నది అదే.

గుడ్డ సంగతి

మనకు ఎక్కువగా కనిపించే కాన్వాస్‌లు రెండు రకాలు. ఒకటి నూలుది. రెండోది లినెన్, అంటే అవిసె (ఫ్లాక్స్) మొక్క కాండం నుంచి తీసిన నారతో నేసింది. ఇక్కడ నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేసే విషయం ఒకటుంది. ఆయిల్ పెయింట్‌లో రంగుపొడిని కలపడానికి ఎక్కువగా వాడేది అవిసె గింజల నూనే. లినెన్ మీద వేసిన ఆయిల్ పెయింటింగ్‌లో ఒకే జాతి మొక్క కాండం గుడ్డగానూ, గింజ రంగుగానూ మారి మళ్ళీ ఒకచోట కలుస్తాయి.

వెనక నుంచి చూస్తే రెంటికీ తేడా తెలుస్తుంది. నూలు కాన్వాస్ మీగడ రంగులో ఉండి, పడుగూ పేకా సమంగా కనిపిస్తాయి. లినెన్ కాస్త బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. దారం ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా, మధ్యమధ్య చిన్న ముడులతో నడుస్తుంది. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో మగ్గం పక్కన పెరిగినవాళ్ళకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు, వేలితో తడిమితే చాలు. లినెన్ ఎక్కువ కాలం మన్నుతుంది, ధరా ఎక్కువే. అలాగని నూలు కాన్వాస్ మీద వేసింది తక్కువ రకం అనుకోకండి. చక్కగా పూత పూసి బిగించిన నూలు కాన్వాస్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది.

ఐరోపాలో గుడ్డ మీద చిత్రాలు వేయడం ఊపందుకున్న ఊళ్ళలో వెనిస్ ముఖ్యమైనది. ఆ సముద్రపు తేమకు గోడల మీద వేసిన చిత్రాలు పెచ్చులూడిపోయేవి. ఓడల ఊరు కాబట్టి తెరచాప గుడ్డకు కొదవ లేదు. చెక్క పలకల మీద కూడా వేసేవాళ్ళు కానీ పలక బరువు, పైగా వంగుతుంది, చీలుతుంది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న మోనాలిసా అలా చెక్క పలక మీద వేసిందే. అదే గదిలో ఎదురు గోడ మీద ఇటలీ చిత్రకారుడు వెరోనీస్ వేసిన, బైబిల్ కథలోని కానా పెళ్ళి విందు చిత్రం ఉంటుంది. 1563లో వెనిస్‌లోని ఒక మఠం భోజనశాల కోసం వేసిన కాన్వాస్ అది. ఎత్తు 6.77 మీటర్లు, వెడల్పు 9.94 మీటర్లు. అంత బొమ్మ పారిస్ ఎలా చేరింది? 1797లో నెపోలియన్ సైన్యం దాన్ని గోడ నుంచి దింపి తీసుకుపోయింది. గుడ్డ కాబట్టి సాధ్యమైంది. అంత చెక్క పలకైతే కదిలేదా!

గుడ్డ మీద బొమ్మ మనకు కొత్తేమీ కాదు. చేర్యాల నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డకు గంజి, తెల్ల సుద్ద, చింతగింజల జిగురు పూతల మీద పూతలు పూసి, ఆరాకే బొమ్మ మొదలుపెడతారు. కాన్వాస్ మీద ఇప్పటివాళ్ళు పూసే జెస్సో అనే అడుగు పూత చేసే పనీ అదే. రంగు గుడ్డలోకి ఇంకిపోకూడదు, అలాగని జారిపోకూడదు. పూత సరిగ్గా లేకుండా ఆయిల్ రంగు నేరుగా గుడ్డకు తగిలితే నూనె నారలోకి దిగి, కొన్నాళ్ళకు గుడ్డ పెళుసుబారిపోతుంది. వెనక వైపు అక్కడక్కడ నూనె మరకలు కనిపిస్తే అందుకే అనుమానించాలి.

ఇప్పుడు వెనక్కి తిప్పుదాం

గ్యాలరీలో అయినా, షాపులో అయినా, ఎవరింట్లో అయినా, కొనే ఉద్దేశం ఉంటే "ఒకసారి వెనక చూడొచ్చా అండీ?" అని అడగండి. మొహమాటపడకండి. అడిగిన మాటకే చిరాకుపడే చోట కొనకపోవడం మేలు.

వెనక మొదట చూడాల్సింది చెక్క చట్రం. దీన్ని స్ట్రెచర్ అంటారు. నాలుగు మూలల్లో లోపలి వైపు చిన్న చిన్న చెక్క ముక్కలు దూర్చి ఉన్నాయా? అవి ఉంటే, గుడ్డ వదులైనప్పుడు వాటిని సుతారంగా లోపలికి తట్టి మళ్ళీ బిగించుకోవచ్చు. లేకుండా మూలలు మేకులతో బిగించేసి ఉంటే ఆ వీలుండదు. చవక రకం చట్రాల్లో చెక్క సన్నగా ఉండి, ఒక వానాకాలం గడిచేసరికి మెలితిరుగుతుంది. చట్రాన్ని బల్ల మీద పడుకోబెట్టి చూడండి. నాలుగు మూలలూ బల్లకు ఆనాలి.

తర్వాత గుడ్డ రంగు. పాత కాన్వాస్ వెనక వైపు దుమ్ముకీ గాలికీ గోధుమ రంగుకు తిరుగుతుంది. కానీ చట్రం చెక్క అడ్డుగా ఉన్నచోట గుడ్డకు గాలి అంతగా తగలదు కాబట్టి అక్కడ లేతగా ఉంటుంది. కొత్త గుడ్డను టీ నీళ్ళతో తడిపి పాతదని అమ్మేవాళ్ళున్నారు. అలాంటిదాంట్లో చెక్క కిందా, బయటా ఒకే రంగు ఉంటుంది. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలా అనర్థాలు తప్పుతాయి.

ఆ తర్వాత రాతలు. బొమ్మ పేరు, సంవత్సరం, కొలతలు చిత్రకారులే వెనక రాయడం మామూలు. ప్రదర్శనకు వెళ్ళొచ్చిన బొమ్మ మీద గ్యాలరీ లేబుల్ ఉంటుంది. ఆ కాగితం చిరిగినా, మాసినా పీకేయకండి. ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వచ్చిందో తెలిసిన బొమ్మకు ఉండే విలువ వేరు. ఎం.ఎఫ్. హుస్సేన్ గ్రామయాత్ర సంగతే చూడండి. 1954లో వేసిన, దాదాపు 14 అడుగుల వెడల్పున్న ఆ కాన్వాస్‌ను ఢిల్లీలో పనిచేస్తున్న ఒక నార్వే డాక్టరు కొన్నారు. ఆయన ద్వారా అది ఓస్లోలోని ఆసుపత్రికి చేరి, అక్కడే దశాబ్దాల పాటు ఉండిపోయింది. 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. వేలంలో ఆధునిక భారతీయ చిత్రానికి అప్పటికి అదే అత్యధిక ధర. బొమ్మ గొప్పదే, అందులో సందేహం లేదు. కానీ అది ఏ ఏడు ఎక్కడుందో చెప్పగలిగే ఆ చరిత్ర లేకపోతే కొనేవాళ్ళకు అంత ధైర్యం ఉండేది కాదు.

పక్క వెలుగు

వెనక చూశాం కదా, ఇప్పుడు ముందుకు తిప్పండి. గదిలో లైట్లు తీసేసి, ఫోన్ టార్చ్‌ను బొమ్మకు ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు గోడకు ఆనించినట్టు పట్టుకోండి. ఒక్కసారిగా బొమ్మ మాయమై నేల కనిపిస్తుంది, దుక్కి దున్నిన పొలాన్ని సాయంత్రపు ఎండలో చూసినట్టు. రంగు ఎత్తుపల్లాలు, బ్రష్ వెంట్రుకల చాళ్ళు, గుడ్డకు ఎక్కడైనా లోపల నుంచి పడిన నొక్కు, తర్వాతెప్పుడో ఎవరో దిద్దిన అతుకు, అన్నీ నీడలతో సహా తేలతాయి.

నాకు ఈ విద్య తెలియని రోజుల్లో ఒక షాపులో 8,000 రూపాయలు పెట్టి తామరకొలను బొమ్మ కొన్నాను. పూర్తిగా చేత్తో వేసిందని చెప్పారు. పైన బ్రష్ గీతలు చేతికి తగులుతున్నాయి కూడా. నాలుగేళ్ళ తర్వాత పక్క వెలుగులో చూశాను. తామరాకు అంచు గుండ్రంగా తిరుగుతోంది, దాని మీది బ్రష్ గీత మాత్రం ఆకును పట్టించుకోకుండా అడ్డంగా నీళ్ళలోకి వెళ్ళిపోయింది. భూతద్దం పెట్టి చూస్తే కింద సన్నటి రంగు చుక్కలు. ప్రింటు తీసి, పైన రంగులేని జెల్ పూశారన్నమాట. ఆ రోజు చాలా బాధపడ్డాను, డబ్బు గురించి కంటే కూడా, నాలుగేళ్ళు రోజూ చూస్తూ గమనించలేదే అని. చేత్తో వేసినవాళ్ళు ఆకు వేసేటప్పుడు ఆకు వెంటే వెళ్తారు. గీత బొమ్మ వెంట నడుస్తోందా, బొమ్మను తొక్కుకుంటూ పోతోందా అన్నది చూడండి. ప్రింటు కొనుక్కోవడంలో తప్పేం లేదు. ప్రింటని చెప్పి, ప్రింటు ధరకు అమ్మాలి, అంతే.

ఇలాంటి పొరపాటు మన పెద్దల కాలంలోనూ ఉంది. "మా తాతగారి ఇంట్లో రవివర్మ ఒరిజినల్ ఉంది" అని నాకు చెప్పినవాళ్ళు చాలామందే. రాజా రవివర్మ 1894లో బొంబాయి దగ్గర లితో ప్రెస్, అంటే రాతి అచ్చుతో బొమ్మలు ముద్రించే అచ్చుకూటం, పెట్టించారు. అక్కడి లక్ష్మి, సరస్వతి బొమ్మలే దేశమంతా పూజగదుల్లోకి వెళ్ళాయి. అలాంటి రంగు ప్రింట్లలో కొన్నిటికి వార్నిష్ పూసి, కాన్వాస్ నేతలాంటి గరుకు కూడా అద్దేవాళ్ళు. వాటిని ఓలియోగ్రాఫ్ అంటారు. ముందు నుంచి చూస్తే ఎవరైనా పొరబడతారు. వెనక్కి తిప్పితే సాధారణంగా కాగితం కనిపిస్తుంది. అయినా వాటిని పారేయకండి, పాత ప్రింట్లకూ ఇష్టపడి సేకరించేవాళ్ళున్నారు. నిజంగానే రవివర్మ చేత్తో వేసిన బొమ్మ మీ ఇంట్లో ఉంటే, దాన్ని అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు పంపే ఆలోచన పెట్టుకోకండి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం కింద ఆయన చిత్రాలు దేశం దాటకూడదు. అమృతా షేర్‌గిల్, నందలాల్ బోస్, జామినీ రాయ్ వంటివారి చిత్రాలకూ అదే నియమం.

ఇంటి గోడ

కొన్న తర్వాత ఎక్కడ పెట్టాలి? సోఫా రంగుకు సరిపోతుందా అని కాదు, గోడ పొడిగా ఉందా అని ముందు చూడండి. విశాఖలో మేం అద్దెకున్న ఫ్లాట్‌లో ఒక మంచి కాన్వాస్‌ను హాల్లో పెట్టాం. ఆ గోడకు అవతల బాత్రూమ్. రెండు వానాకాలాలు గడిచాక దించి చూస్తే వెనకంతా నల్లటి బూజు చుక్కలు. తేమకు గుడ్డా, చెక్కా సాగుతాయి, ఎండకు బిగుస్తాయి. పైనున్న పాత రంగు పొర వాటితో పాటు సాగలేదు, అందుకే పగుళ్ళిస్తుంది. కాబట్టి బాత్రూమ్ గోడ, వాన కొట్టే బయటి గోడ వద్దు. తప్పకపోతే ఫ్రేమ్ వెనక కింది మూలల్లో రెండు బెండు ముక్కలు అతికించండి. గోడకీ బొమ్మకీ మధ్య గాలి ఆడుతుంది.

దీపం పొగ, అగరొత్తుల పొగ, తాలింపు ఆవిరి నెమ్మదిగా రంగు మీద జిడ్డు పొరలా కూర్చుంటాయి. వంటింటి ద్వారానికీ, పూజగదికీ దూరంగా ఉంచండి. నేరుగా ఎండ పడకూడదు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవాళ్ళ కళ్ళకు సరిగ్గా అందుతుంది. మన ఇళ్ళల్లో చాలా బొమ్మలు పైకప్పుకు దగ్గరగా, పెద్దల ఫొటోల వరసలో వేలాడుతుంటాయి. వాటిని కిందికి దించండి.

పండక్కి ఇల్లు దులిపేటప్పుడు తడిగుడ్డ మాత్రం తగలనివ్వకండి. మెత్తటి, పొడి బ్రష్‌తో పైనుంచి కిందికి దులిపితే చాలు. రంగు పెచ్చు లేస్తోందనిపిస్తే దులపడం కూడా ఆపి, బొమ్మలు బాగుచేసే నిపుణులకు చూపించండి. ఇల్లు మారేటప్పుడు కాన్వాస్‌ను చట్రం నుంచి విప్పి చుట్టాల్సి వస్తే రంగు వైపు బయటికి ఉండేలా, లావుపాటి గొట్టానికి చుట్టండి. లోపలికి చుడితే రంగు పొర నలిగి పగులుతుంది.

ఈ వారం పని

స్టేషనరీ షాపులో దొరికే చిన్న నూలు కాన్వాస్ ఒకటి కొనండి. వెనక్కి తిప్పి పడుగు పేకలు లెక్కపెట్టండి, సెంటీమీటరుకు ఎన్ని దారాలున్నాయో రాసుకోండి. సగం మీద ఏదో ఒక రంగును మందంగా, సగం మీద పల్చగా వేసి, ఆరాక చీకట్లో పక్క వెలుగు పట్టి చూడండి. మీ చెయ్యి ఎలా కదిలిందో మీకే కనిపిస్తుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయిల్ చిత్రాలున్న గదులకు, రాజమండ్రి వైపువాళ్ళు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళండి. 28 ఏళ్ళు నిండకుండానే వెళ్ళిపోయిన మనిషి ఎంత పని చేశాడో అక్కడ చూడొచ్చు. మ్యూజియంలో తిప్పి చూడటం, టార్చ్ వేయడం కుదరదు కాబట్టి బొమ్మకు ఎదురుగా కాక, పక్కగా ఒక అడుగు జరిగి, తల వంచి చూడండి. కిటికీ వెలుగే టార్చ్ పని చేస్తుంది. ఒక బొమ్మలో రంగు అన్నిటికంటే మందంగా ఎక్కడుందో వెతికి రాసుకోండి. నగల మీదా, కంటి మెరుపు మీదా, చీర జరీ అంచు మీదా?

4వ పాఠంలో ధర అడగడం ఎలాగో చూద్దాం. ఈ వారం రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకుని రండి.