ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ల నౌకరీ కావాలంటే ఎట్ల మొదలువెట్టాలె

మా నల్లగొండ దిక్కు డిగ్రీ అయిన పిల్లలు శానా మంది అడుగుతుంటరు, అందుకే రాస్తున్న. తొవ్వలు రెండు. స్టేట్‌ల అయితే టీజీపీఎస్సీ (తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్) పెట్టే గ్రూప్-1 పరీక్ష తోని సీటీవో (కమర్షియల్ ట్యాక్స్ ఆఫీసర్), గ్రూప్-2 తోని ఏసీటీవో (అసిస్టెంట్ సీటీవో). సెంట్రల్‌ల అయితే ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పెట్టే సీజీఎల్ పరీక్ష రాసి ఇన్‌కంట్యాక్స్ లేకపోతే జీఎస్టీ ఇన్‌స్పెక్టర్, ట్యాక్స్ అసిస్టెంట్. బీకామే ఉండాలని ఏం లేదు, ఏ డిగ్రీ అయినా నడుస్తది.

సిలబస్ సంగతి కోచింగోళ్లు చెప్తరు గని అసలు పని ఏందో ముందుగాల్నే తెల్సుకోర్రి. మిర్యాలగూడ రైసుమిల్లులనే తీస్కోర్రి, 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాక ప్యాక్ చేసి లేబుల్ ఏసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ, లూజుగ అమ్మితే లేదు, మరి 26 కిలోల బస్తా అయితే? గీ ప్రశ్న మీద మీకు ఇంట్రెస్ట్ వస్తే గీ నౌకరీ మీకు పడుతది, విసుగొస్తే వేరేది చూస్కోర్రి, నిజంగ చెప్తున్న.

ఖాళీ టైముల తెల్సిన అకౌంటెంట్ దగ్గర కూసోని జీఎస్టీఆర్-1 (అమ్మకాల లెక్క), 3బీ (పన్ను కట్టే రిటర్న్) ఎట్ల ఏస్తరో, 2బీల (కొన్న బిల్లులు పోర్టల్‌ల కనవడే లిస్టుల) సప్లయర్ బిల్లు రాకపోతే క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టేదాంట్ల తగ్గించుకునుడు) ఎట్ల ఆగుతదో చూడుర్రి. ఎక్సెల్ మాత్రం గట్టిగ నేర్సుకోవాలె.

నౌకరీ వచ్చినంక డిపార్ట్‌మెంటల్ టెస్టులు వాయిదా ఎయ్యకుర్రి, ప్రమోషన్ ఆడ్నే ఆగుతది. ఇగ నోటీస్ పట్టుకొని భయపడుకుంట వచ్చిన చిన్న కిరాణం సేటుకు అండ్ల ఏం రాసిందో తెలుగుల చెప్పుర్రి, జవాబు ఏ తారీఖు లోపట ఇయ్యాలెనో కాయితం మీద రాసియ్యుర్రి.