పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ రోజూ దానంతటదే జరిగేలా స్క్రిప్ట్ రాయడం ఎలా?

పెద్ద టూల్స్ ఏవీ కొనక్కర్లేదు. లినక్స్ సర్వర్, బ్యాష్ (కమాండ్లు నడిపే షెల్), క్రాన్ (చెప్పిన వేళకు పనులు నడిపేది), పీజీ_డంప్ (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను ఫైల్‌గా తీసే ప్రోగ్రామ్) చాలు. పీజీ_డంప్ వెర్షన్ మాత్రం డేటాబేస్ సర్వర్ వెర్షన్ కంటే పాతది కాకూడదు. పాతదైతే అది డంప్ తీయదు.

పాస్‌వర్డ్‌ను స్క్రిప్ట్‌లో రాయకండి. హోమ్ డైరెక్టరీలో డాట్ పీజీపాస్ ఫైల్‌లో పెట్టి, పర్మిషన్ 600 (ఓనర్ ఒక్కరే చదివి, రాయగలిగేలా) ఇవ్వండి. వేరేవాళ్లు చదవగలిగేలా ఉంటే పోస్ట్‌గ్రెస్ ఆ ఫైల్‌ను పక్కన పెట్టేస్తుంది.

డంప్ కస్టమ్ ఫార్మాట్‌లోనే తీయాలి. చాలామంది ఇప్పటికీ ఎస్‌క్యూఎల్ టెక్స్ట్‌గా తీసి, జీజిప్ అనే కంప్రెషన్ ప్రోగ్రామ్‌కు పైప్ చేస్తారు, అంటే నేరుగా అందిస్తారు. అలా చేస్తే ఒక్క టేబుల్ వెనక్కి కావాలన్నా మొత్తం ఫైల్‌తో కుస్తీ పట్టాలి. కస్టమ్ ఫార్మాట్‌లో కంప్రెషన్ ఉండనే ఉంటుంది, పీజీ_రిస్టోర్‌తో కావలసిన టేబుల్ ఒక్కటే తీసుకోవచ్చు. యూజర్లు, రోల్స్ ఇందులో రావు కాబట్టి పీజీ_డంప్‌ఆల్‌ను గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్‌తో విడిగా నడపండి.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. పాత ఫైళ్లను తుడిచే దగ్గరే స్క్రిప్టులు కొంప ముంచుతాయి.

పైప్ వాడినప్పుడు బ్యాష్ మామూలుగా చివరి కమాండ్ ఫలితాన్నే చూస్తుంది. పీజీ_డంప్ కనెక్షన్ దొరక్క ఆగిపోయినా జీజిప్ తన పని తాను చేసుకుపోయి 20 బైట్ల ఖాళీ ఫైల్ రాస్తుంది. స్క్రిప్ట్ లెక్కలో అంతా సవ్యమే. ఆ వెంటనే ఫైండ్ కమాండ్ 14 రోజులు దాటిన ఫైళ్లను తీసేస్తుంది. రెండు వారాలు ఎవరూ చూడకపోతే మిగిలేవి తేదీలు వేసిన ఖాళీ ఫైళ్లే.

అందుకే స్క్రిప్ట్ పైనే సెట్ కమాండ్‌తో ఎర్‌ఎగ్జిట్ (కమాండ్ ఫెయిలైతే ఆగడం), నోఅన్‌సెట్ (విలువ ఇవ్వని వేరియబుల్ వాడితే ఆగడం), పైప్‌ఫెయిల్ (పైప్‌లో ఏది ఫెయిలైనా ఫెయిల్‌గానే లెక్కించడం) మూడూ పెట్టండి. మొదటి లైన్‌లో ఎస్‌హెచ్ కాదు, బ్యాష్ అనే రాయాలి. డెబియన్, ఉబుంటుల్లో ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే వేరే షెల్, రెండూ ఒకటి కావు.

తర్వాత వరస తప్పకూడదు. డంప్‌ను ముందు పార్ట్ అనే తాత్కాలిక పేరుతో రాయండి. అది తప్పులేకుండా పూర్తయ్యాకే అదే డిస్క్‌లో ఎంవీ కమాండ్‌తో అసలు పేరు పెట్టండి. అప్పుడు సగంలో ఆగిన ఫైల్ మంచి ఫైల్ పేరుతో ఎప్పటికీ కనిపించదు. తుడవడం అన్నిటికన్నా చివర.

పీజీ_రిస్టోర్‌లో లిస్ట్ ఆప్షన్ వాడి 'చెక్ చేశాం' అనేవాళ్లున్నారు. అది చెక్ కాదు. కస్టమ్ ఫైల్‌లో విషయసూచిక మొదట్లోనే ఉంటుంది కాబట్టి డేటా సగం తెగిపోయినా లిస్ట్ చక్కగా వస్తుంది. వారానికి ఒకసారి ఖాళీ డేటాబేస్ సృష్టించి, ఎగ్జిట్ ఆన్ ఎర్రర్ ఆప్షన్‌తో పూర్తిగా రిస్టోర్ చేసి, ముఖ్యమైన టేబుల్‌లో ఆఖరి రికార్డు తేదీ చూడాలి. ఇది కూడా స్క్రిప్టే చేయాలి, మనిషి మీద వదిలితే పండగ వారంలో మానేస్తారు.

ఇది అతి జాగ్రత్త అనిపిస్తే 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో జరిగింది చూడండి. పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీ తుడిచేశాక బ్యాకప్ కోసం వెతికితే ఏమీ లేదు. సర్వర్ 9.6, డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2 కావడంతో అది ఫెయిలవుతూనే ఉంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లు కూడా రిజెక్ట్ అవుతున్నాయి. ఒక ఇంజనీర్ అంతకుముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి నష్టం సుమారు 6 గంటల డేటాతో ఆగింది.

ఇక క్రాన్. తేదీ కమాండ్‌ను క్రాన్‌ట్యాబ్ (క్రాన్ పనుల జాబితా) లైన్‌లో పెట్టకండి, అందులో వచ్చే శాతం గుర్తును క్రాన్ కొత్త లైన్‌గా తీసుకుంటుంది. తేదీ స్క్రిప్ట్ లోపలే ఉండాలి. క్రాన్‌లో పాత్ (ప్రోగ్రాముల కోసం వెతికే చోట్ల జాబితా) చాలా చిన్నది, ప్రోగ్రాముల పూర్తి పాత్ రాయండి. సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే రాత్రి 2 అని పెట్టింది మనకు ఉదయం 7:30కి నడుస్తుంది. ముందురోజు డంప్ ఇంకా నడుస్తుంటే రెండోది మొదలవకుండా ఎఫ్‌లాక్ వాడండి. డంప్ నడిచేటప్పుడు చదవడం, రాయడం ఆగవు కానీ ఆల్టర్ టేబుల్ లాంటివి ఆగిపోతాయి. టేబుళ్ల నిర్మాణం మార్చే మైగ్రేషన్లు ఆ టైమ్‌కు పెట్టుకోవద్దు.

ఫెయిలైతే మెయిల్ వస్తుందన్న నమ్మకం వద్దు. వేరే మెషీన్ నుంచి మరో చిన్న స్క్రిప్ట్ రోజూ పొద్దున్నే బ్యాకప్ ఫోల్డర్ చూసి, 26 గంటల లోపు ఫైల్ లేకపోయినా, సైజు నిన్నటిలో సగానికి పడిపోయినా డ్యూటీలో ఉన్నవాళ్ల ఫోన్‌కు మెసేజ్ పంపాలి.